గీత దాటిన స్క్రూ

మే 6

నడుము నొప్పి పోయింది. నిజంగానే పోయింది, అది ఒప్పుకోవాలి. కానీ కుడికాలి బొటనవేలు పైకి లేవడం లేదు. నిన్న ఆపరేషన్‌కు తీసుకుపోయే ముందు లేచింది. నర్సు లేపమంటే రెండు కాళ్లవీ లేపి చూపించాను. ఈరోజు ఎడమది లేస్తోంది, కుడిది పడుకునే ఉంది.

ఆపరేషన్ చేసిన ఓబులేసుకు చెప్పాను. దుప్పటి ఎత్తి ఇట్లా చూసి అట్లా కప్పేశాడు. "కదుల్తాండాది మేడమ్."

"యాడ కదుల్తాండాదిరా?"

"నరం కొంచెం బెదిరింటాది. అదే వస్తాది." ఎక్స్‌రే తెచ్చి చూపించాడు. వెన్ను కింది భాగంలో నాలుగు స్క్రూలు. "చూడండి, ఎంత నీట్‌గా కూర్చుండాయో."

ముందు నా వేలు చూడరా నాయనా.

మే 7

ఈయన వార్డంతా తిరిగి చెప్పుకుంటున్నాడు — డాక్టరు మా ఆవిడ శిష్యుడే, రాయచోటి స్కూల్లో కబడ్డీ నేర్పింది అని. ఆపరేషన్‌కు ముందు నేనూ తక్కువ తినలేదు. పక్క మంచం ఆమె కొడుకు, స్క్రూలు వేశాక స్కానింగ్ తీస్తారా అని అడిగితే, "మావాడు చేస్తే స్కానింగులెందుకప్పా!" అన్నాను. ఓబులేసు అక్కడే నిలబడి నవ్వాడు.

ఈరోజు స్కానింగ్ గురించి అడగమని ఈయన్ని పోరాను. "బాగుండదే. మనోడు. నమ్మకం లేదనుకోడా?"

వేలు నాది. మొహమాటం ఈయనది.

మే 11

డిశ్చార్జ్. కర్నూలు నుంచి కడపకు కారులో. ఓబులేసు పంపిన పండ్ల బుట్ట ఈయన ఒళ్లో, దేవుడి ప్రసాదంలాగా.

కుడికాలి చెప్పు నిలవడం లేదు. గేటు దగ్గర జారింది. మెట్ల మీద జారింది. మునివేళ్లు నేలకు తగులుకుని పడబోయాను.

మే 12

చెప్పు. మళ్లీ చెప్పు. ఛీ.

మే 14

ఓబులేసుకు ఫోన్ చేశాను. "ఓపిక పట్టండి మేడమ్, నెలలు పడతాది."

జూన్‌లో స్కూలు తెరుస్తారు. పీఈటీ మేడమ్ కాలీడ్చుకుంటూ గ్రౌండ్‌లోకి... పిల్లలు నవ్వితే నవ్వనీ. కానీ పరిగెత్తకుండా నేనేం నేర్పను? కుర్చీలో కూర్చుని విజిల్ ఊదే పీఈటీలను సర్వీసంతా తిట్టిపోశాను. ఇప్పుడు నాకూ కుర్చీయేనా?

ఓబులేసు చిన్నప్పుడూ ఇంతే. కూతకు పోయి కాలు గీత దాటించేవాడు. విజిల్ వేస్తే "దాటలేదు మేడమ్!" అరికాలు చూపించరా అంటే గీతకు వేసిన సున్నం తెల్లగా అంటుకుని ఉండేది. దాన్ని చూసి కూడా దాటలేదనేవాడు. మొండి వెధవ.

మే 16

ఈయనకు చెప్పలేదు. నడుము బెల్టు బిగించుకుని ఆటోలో స్కానింగ్ సెంటర్‌కు పోయాను. అక్కడి డాక్టరమ్మ మంచిది. తెర మీద చూపించి మరీ చెప్పింది.

"ఎముకకు రెండు పక్కలా సన్నటి దారి మాదిరి ఉంటాదమ్మా. స్క్రూ దాంట్లోనే పోవాల. లోపలి గోడ దాటితే నరమే."

మూడు స్క్రూలు దారిలోనే ఉన్నాయి. కుడిపక్క కిందది గోడ చీల్చుకుని లోపలికి వెళ్లింది. నాకు స్కానింగ్ చదవడం రాకపోయినా కనిపించింది.

"మరి ఎక్స్‌రేలో?"

"దాంట్లో అన్నీ బాగున్నట్టే కనపడొచ్చమ్మా. వేలు లేయలేదన్న రోజే ఇది తీయాల్సింది."

ఆ రోజే.

ఇప్పుడు స్క్రూ తీసేస్తే వేలు లేస్తుందా అన్నాను. తొందరగా తీస్తే లేయొచ్చు, కచ్చితంగా చెప్పలేనంది. ఆటోలో ఏడ్చాను. ఆటో అతను చూడనట్టు నడిపాడు.

మే 17

పొద్దున్నే ఈయన మీద గొంతు పోయేలా అరిచాను. "నాకేం తెల్సే? వాడే కదుల్తాండాది అంటే..." కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. జాలిపడే ఓపిక నాకు లేదు.

ఓబులేసుకు ఫోన్‌లో స్కానింగ్ ఫొటోలు పంపాను. ఒక్క అక్షరం రాయలేదు. మధ్యాహ్నానికి కారేసుకుని వచ్చేశాడు. కూర్చోమనలేదు. ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టి చూశాడు. దించలేదు, అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు.

"దాటిందా?" అన్నాను.

"దాటింది మేడమ్."

ఈ మాట కోసం ఎన్నేళ్లు విజిల్ ఊదానో. విన్నాక ఒళ్లు మండింది.

"మొదటిరోజే ఎందుకు తీయించలేదురా?"

"మీరే కదా మేడమ్, అందరి ముందర... మావాడికి స్కానింగులెందుకని. తీపిస్తే, నా చెయ్యి మీద నాకే నమ్మకం లేదనుకుంటారని..."

నేనన్నానట! నేను గొప్పలు పోతే డాక్టరు చూడటం మానేస్తాడా? మడమ బెణికిన పిల్ల "ఏం కాలేదు మేడమ్" అంటే, కాలు పట్టి చూడకుండా ఆడించానా ఎప్పుడైనా? ఇదే అడిగాను.

"రేపే తీయాల మేడమ్. మా సీనియర్ సారు తీస్తాడు. నేను పక్కన ఉంటా."

"నువ్వు ముట్టుకోవద్దు."

"ముట్టుకోను."

మే 18

మళ్లీ కర్నూలు. మళ్లీ అదే ఆకుపచ్చ గౌను. ఈయన వార్డులో ఎవరితోనూ మాట్లాడటం లేదు.

మే 20

మొన్న స్క్రూ తీశారు. నరం తెగలేదు, నలిగిందన్నాడు పెద్ద డాక్టరు.

పొద్దున ఓబులేసు వచ్చి దుప్పటి ఎత్తాడు. "లేపండి మేడమ్."

పళ్లు బిగబట్టి ఉన్న సత్తువంతా పెట్టాను. "కదిలింది! కదిలిందే!" — ఈయన. ఓబులేసు మంచం మీదికి వంగి, వేలి దగ్గరే కళ్లు పెట్టి చాలాసేపు చూశాడు.

"లేదు మేడమ్."

"సరిగ్గా చూడు."

"చూసినా మేడమ్. ఇంకా లేదు."

తిట్టడానికి మాటలన్నీ సిద్ధం చేసుకునే ఉన్నాను. దుప్పటి కప్పమన్నాను, అంతే. ఇదే మాట మొదటిరోజు అని ఉంటే...

సాయంత్రం మళ్లీ వచ్చి చూస్తానన్నాడు. రమ్మనలేదు. వద్దనీ అనలేదు. ఇంకా మధ్యాహ్నమే. వాడి కోసం గడియారం చూస్తున్నాను, ఛీ.