జర ఆగి పడే దెబ్బ

జనగామ,
గురువారం.

బిడ్డ మనీషాకు మీ బాపు దీవించి రాసేది.

ఇక్కడ నేనూ మీ అవ్వా క్షేమంగానే ఉన్నాం. భూపాలపల్లిలో నువ్వూ, నీ గురుకులం పిల్లలూ అట్లాగే ఉన్నారని నమ్ముతున్నాను. "క్షేమంగానే" అని రాసి కాసేపు కలం పక్కన పెట్టాను. మీ అవ్వ వరకైతే అది నిజమే, మోకాళ్ళ నొప్పి కూడా తగ్గింది, పొద్దున లేస్తూనే నన్ను తిట్టే ఓపిక వచ్చింది. నా సంగతి చివర్లో రాస్తాను. ముందే రాస్తే మిగతాది చదవకుండా బ్యాగు సర్దుకుని బస్సెక్కుతావు. నీ తొందర నాకు తెలియదా.

నీ ఉత్తరం అందింది. పిల్లలను కాళేశ్వరం తీసుకుపోయి, గోదావరి ఒడ్డున కూర్చోబెట్టి గిటార్ వాయించి పాడించావని చదివి సంతోషపడ్డాను. తడి ఇసుక మీద గిటార్ పెట్టలేదు కదా? పెట్టే ఉంటావు. చెమ్మ తగిలితే కర్ర ఉబ్బుతుంది. అట్లా అని ఎండలో ఆరబెట్టకు, నీడలో బట్ట పరిచి పెట్టు. కన్నతల్లి కదా, హాస్టల్ అన్నం సరిపోతుందా అని మీ అవ్వ అడగమంది. కారం పొడి పంపిస్తుందట, వద్దన్నా ఆగదు.

ఫోన్ ఎందుకు ఎత్తడం లేదు, ఎత్తినా "ఆ, సరే, మంచిది" అని మీ అవ్వ చేతికి ఎందుకిస్తున్నావు, నా మీద కోపమా అని అడిగావు. నీ మీద నాకు కోపమెందుకు బిడ్డా? వాట్సాప్‌లోనైనా రాయమన్నావు. ఇంట్లో ఉన్నది ఒక్క ఫోన్, అది మీ అవ్వ చేతిలోనే తిరుగుతుంది. నేనేం రాసినా తాను చదివి, పక్కింటామెకు చదివి వినిపిస్తుంది. ఇది నీకొక్కదానికే రాస్తున్నాను. చదివాక నీ పెట్టెలో అడుగున పెట్టు.

వచ్చే నెల మొదటి ఆదివారం మహబూబాబాద్‌లో, అదే మన మానుకోటలో, ఒక జానపదం పాట రికార్డింగ్ ఉంది. నన్ను గిటార్ వాయించడానికి రమ్మన్నారు. ఇంతకాలం పెళ్ళిళ్ళలో, రిసెప్షన్లలో ఒక మూలన కుర్చీ వేసుకుని వాయించిన వాడికి ఇది పండుగ లాంటి మాట. కానీ నాకు భయంగా ఉంది. ఉత్త భయం కాదు. అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగడం లేదు. 

పిలిచినవాడు మానుకోట చరణ్. నువ్వు ఫోన్లో వాడి వీడియోలు చూసే ఉంటావు, గిటార్‌ను మోకాళ్ళ దాకా వేలాడేసుకుని, వేళ్ళు కనబడనంత వేగంగా వాయిస్తాడు. ఆ మధ్య నెల్లికుదురులో ఒక పెళ్ళికి మా ఆర్కెస్ట్రా పోయినప్పుడు వాడూ వచ్చాడు. నేను కుర్చీలో కూర్చుని, నా పాత గిటార్‌ను ఛాతీకి హత్తుకుని, నూనె డబ్బా మూత కోసి చేసుకున్న పిక్కుతో పాట వెంట మెల్లగా తీగలు కొడుతున్నాను. చరణ్ నా ముఖంలోకి వంగి మైకులోనే అన్నాడు, "పోశాలన్నా, గిటార్ వాయిస్తున్నవా, చంటిపిల్లను జోకొడ్తున్నవా?" పందిరంతా నవ్వింది. నేనూ నవ్వాను. జోకొట్టినట్టే ఉంటుంది మరి, వాడు అబద్ధం చెప్పలేదు.

వారం తిరక్కుండానే చరణ్ మా ఐలేశ్ టెంట్ హౌస్ గోదాముకు వచ్చాడు. నేను పగలంతా అక్కడే కదా, కుర్చీలు లెక్కబెట్టుకుంటూ, పరదాలు మడతపెట్టుకుంటూ. "కుర్చీలు కావాలె" అన్నాడు. ఐలేశ్ బయటికి పోగానే షట్టర్ సగం దించి నా ముందు నేల మీద కూర్చున్నాడు.

"అన్నా, ఎవ్వలకు చెప్పకు. జర నీ కుడిచెయ్యి సూపియ్యి."

నాకు నమ్మబుద్ధి కాలేదు. తర్వాత తండా నుంచి భీమ్లా వచ్చాడు, వాడూ వేగంగా వాయించేవాడే. తర్వాత ఇంకెవరెవరో. అందరిదీ ఒక్కటే మాట, ఎవ్వలకు చెప్పకు. బయట నన్ను కుర్చీ గిటార్ అని ఎక్కిరించేవాళ్ళు, గోదాములో నా ముందు బుద్ధిమంతుల్లా కూర్చునేవాళ్ళు. ఒకసారి చరణ్, భీమ్లా ఒకేసారి వచ్చి షట్టర్ దగ్గర ఎదురుపడ్డారు. పాపం, ఇద్దరూ కుర్చీల ధర అడిగారు. ఐలేశ్‌కు మండిపోయింది. "ఏందే పోశాలు గిది, గీ పోరగాళ్ళు రోజు కుర్చీలు అడుగుతరు, ఒక్కడు తీస్కపోడు" అన్నాడు.

అబద్ధం ఎందుకు బిడ్డా, ఆ మధ్యాహ్నాలు నాకు చాలా ఇష్టం. ఇన్నేళ్ళలో నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. పాటగాడిని మెచ్చుకుంటారు, డ్రమ్ముల ప్యాడ్ మీద తాళం వాయించే పరశురాములును మెచ్చుకుంటారు, గిటార్ ఒకటుందని ఎవరికీ గుర్తుండదు. అట్లాంటిది, పేరున్న పిల్లలు వచ్చి నా చెయ్యి వైపు కన్నార్పకుండా చూస్తుంటే నా కడుపు నిండిపోయేది.

వాళ్ళు అడిగేది ఒక్కటే. నువ్వు మొన్నటి ఉత్తరంలో అడిగిందీ అదే. "బాపూ, ఈ మధ్య నీ వీడియోలలో నీ చెయ్యి ప్యాడ్ దెబ్బ కంటే జర ఆగి పడుతోంది. పాట కాళ్ళు చాపుకుని కూర్చున్నట్టు హాయిగా ఉంటోంది. నేను అట్లా కొడదామంటే తాళం తప్పుతోంది, ఎట్లా కొడుతున్నావో చెప్పు" అని రాశావు. చరణ్ కూడా అచ్చం ఇట్లాగే అడిగాడు. "గా దెబ్బ జర ఎనకకు ఎట్ల పడ్తదన్నా? మేం కొడితే తప్పయితది. నువ్వు కొడితే పాట కూసున్నట్టుంటది."

 నవ్వి తల ఊపాను. వాడు బయటికి పోయి, "అన్న చెప్పడు. సూసి పట్టుకోవాలె, గది పెద్దోళ్ళ పద్ధతి" అని అందరికీ చెప్పాడట. ఇప్పుడు దానికి పోశాలన్న దెబ్బ అని పేరు కూడా పెట్టారు. నేను శ్రుతి చేసేటప్పుడు గిటార్ తలను పళ్ళకు ఆనించడం చూసి, ఇప్పుడు ఆ పిల్లలంతా గిటార్లు కరుస్తున్నారట. మోకాళ్ళ దాకా వేలాడే గిటార్లు కూడా మెల్లగా ఛాతీ దాకా ఎక్కాయి.

నవ్వు వస్తోంది కదా? నాకు రావడం లేదు.

మనీషా, నాకు వినబడడం లేదు.

 ఇంతవరకు ఈ మాట ఎవరితోనూ అనలేదు, మీ అవ్వతో కూడా అనలేదు. పోయిన ఏడాది నుంచి మొదలైంది. ముందు పరధ్యానం అనుకున్నాను. ఒకరోజు పొయ్యి పక్కనే కూర్చుని ఉన్నాను, మీ అవ్వ వాకిట్లోంచి ఉరికొచ్చింది. "కూకర్ కూసి కూసి అడుగంటింది, పక్కనే కూసున్నవ్, చెవులేడ వెట్టినవ్?" అంది. నాకు ఒక్క కూత కూడా అందలేదు. అయినా "ఏదో ఆలోచనల ఉన్న తియ్" అని తప్పించుకున్నాను.

తర్వాత సూర్యాపేట రోడ్డు మీద పత్తి ట్రాక్టర్ నా వీపు దాకా వచ్చి ఆగింది. డ్రైవర్ దిగి నా అంగీ పట్టుకున్నాడు. "ఏం పెద్దమనిషీ, సావబుద్ధయితుందా? గంతసేపటి సంది హారన్ కొడ్తలేనా?" ముఖం మీదికి వచ్చి అరిచాడు కాబట్టి ఆ మాట వినబడింది. హారన్ మాత్రం వినబడలేదు.  అప్పటి నుంచి రోడ్డు మీద నడిచేటప్పుడు పదడుగులకోసారి వెనక్కి తిరిగి చూస్తున్నాను. ఎవరైనా చూస్తే అప్పులవాళ్ళకు భయపడుతున్నాడు అనుకుంటారు.

వరంగల్‌లో దవాఖానకు పోయాను, టెంట్ బట్టలు కొనడానికి అని మీ అవ్వకు చెప్పి. డాక్టరు చెవి లోపలి నరం దెబ్బతిన్నదన్నాడు, ఇన్నేళ్ళు సౌండ్ బాక్సుల పక్కన కూర్చుంటే ఇట్లాగే అవుతుందన్నాడు. పోయింది తిరిగి రాదట. మిషన్ పెట్టుకుంటే మాటలు కొంతవరకు అందుతాయట, పాట సంగతి చెప్పలేనన్నాడు. ఎదురుగా కూర్చున్న మనిషి పెదవులు చూస్తే సగం తెలుస్తుంది, మిగతా సగం ఊహించుకుంటాను. ఫోన్లో పెదవులుండవు. నువ్వు మాట్లాడుతుంటే గుసగుసలాగా ఏదో వస్తుంది, అది నా బిడ్డ గొంతు అని నాకు నేనే చెప్పుకుని "ఆ, సరే, మంచిది" అంటాను. నీకు కోపంలా వినిపించింది అదే.

ఇక ఆ దెబ్బ సంగతి. నా గిటార్ మోత నాకు ఛాతీలో తెలుస్తుంది, శ్రుతి పళ్ళలో తెలుస్తుంది. ప్యాడ్ మోత మాత్రం అందదు. అందుకని స్టేజీ మీద పరశురాములు మోచేతి వైపు చూస్తూ కూర్చుంటాను. అతని చెయ్యి కిందికి పడడం చూసి, అప్పుడు నేను కొడతాను. చూసి కొట్టేసరికి జర ఆలస్యమవుతుంది. అంతే బిడ్డా. వాళ్ళు పేరు పెట్టి నేర్చుకుంటున్నది నా చెవుడు. నువ్వు నేర్పమని అడిగిందీ నా చెవుడే. అది నేర్చుకోకు.

మానుకోటలో పరశురాములు ఉండడు. ప్యాడ్ ముందే కంప్యూటర్లో వేసి పెట్టారట. నన్ను ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్ డబ్బాలు తగిలిస్తారట. "ఇందుల టిక్కు టిక్కుమని వస్తదన్నా, దాని ఎంబడి కొట్టుడే. మేమందరం అద్దం ఇవుతల కూసుంటం, నీ చెయ్యి సూస్తం" అన్నాడు చరణ్. ఆ డబ్బాలు నా చెవులకు పెట్టి చూపించాడు కూడా. వాడి ముఖమంతా సంతోషం. నాకు ఏ టిక్కూ రాలేదు. బావిలోకి తొంగి చూసినట్టుంది. నేను నవ్వి తల ఊపాను, నాకిప్పుడు వచ్చిన విద్య అదొక్కటే.

రానని చెప్పొచ్చు. జ్వరమనొచ్చు. కానీ ఎన్నిసార్లు జ్వరమంటాను? ఏదో ఒకరోజు పరశురాములు రాని పెళ్ళి వస్తుంది, ఆ రోజు నడి పందిట్లో తెలిసిపోతుంది. టెంట్ హౌస్‌తో పాటు ఆర్కెస్ట్రా కూడా ఐలేశ్‌దే, మంచివాడే, అయినా చెవిటివాడిని ఆర్కెస్ట్రాలో ఎవరు పెట్టుకుంటారు? అంతకంటే పెద్ద భయం ఇంకొకటుంది. ఆ పిల్లలు ఇక కుర్చీలు అడగడానికి రారు. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ నీతో సిగ్గేమిటి.

అందుకని ఒకటి అడుగుతున్నాను. నీకు చిన్నప్పుడు తాళం కుదరకపోతే ఏం చేసేవాడినో గుర్తుందా? నిన్ను పక్కన స్టూలు మీద కూర్చోబెట్టి, నీ కాలి మీద నా కాలు పెట్టి తాళం వేసేవాడిని. నువ్వు తీగల వైపు చూడకుండా, నా కాలి బరువు పట్టుకుని కొట్టేదానివి. ఒక్కసారి కూడా తప్పేదానివి కాదు.

ఆ ఆదివారం నువ్వు మానుకోటకు రా. రెండో జత డబ్బాలు నీ చెవులకు పెట్టుకో. గదిలో నా పక్కన కూర్చుని, నీ కాలు నా కాలి మీద పెట్టి తాళం వెయ్యి. గుమ్మంలోనే చెప్పులు విడిచి వస్తాను. మోచేతిని చూసి కొట్టినట్టు కాదు, తాళం నేరుగా ఒంట్లోకే దిగుతుంది కాబట్టి, అప్పుడు నా దెబ్బ సరిగ్గా తాళం మీద పడుతుంది. అద్దం అవతల వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, "అన్నా, గా దెబ్బ ఏమాయె?" అని అడుగుతారు. అప్పుడు చెప్తాను, అందరికీ ఒకేసారి. చెప్పడానికి నాకు ధైర్యం లేదు. నువ్వు పక్కన ఉంటే మాట పెగులుతుందేమో అని చూస్తున్నాను. ఆ తర్వాత మీ అవ్వకు చెప్పడం ఉంది, అది ఇంకా కష్టం.

వస్తున్నావో లేదో నాకు ఫోన్ చెయ్యకు. మీ అవ్వకు చేసి "వస్తున్నా" అని ఒక్క మాట చెప్పు. ఆమె ముఖం చూస్తే నాకు తెలుస్తుంది.

ఇంకొక్క మాట. అప్పట్లో నా కాలి బరువుకు నొప్పి పెడుతోందా అని అడిగితే, పెదవి బిగపట్టుకుని "లేదు బాపూ" అనేదానివి. ఇప్పుడు నువ్వు నన్ను అడగకు. గట్టిగా వెయ్యి.

ఇట్లు,
నీ రాక కోసం తలుపు వైపే చూస్తూ,
మీ బాపు
పోశాలు