గోపురాన్ని వదిలిన కౌగిలి

హాల్‌కోంబ్,
1 జూలై 1954

చిరంజీవి టాంసిన్‌ను దీవించి నాయనమ్మ రాయునది. ప్రభువు దయవల్ల ఇక్కడ అందరమూ కులాసా. ఆస్పత్రి పనిలో పడి నువ్వు వేళకు తింటున్నావనే అనుకుంటాను.

పోయిన జాబులో మూడు సంగతులు అడిగావు. నా మోకాలు నయం. మీ అమ్మకూ నాకూ మాటలున్నాయి, కావలసినదానికంటే ఎక్కువే. ఇక మూడోది, ఈ ఏడైనా చర్చి చుట్టూ చేతులు కలిశాయా అన్నది.

ఊరంతా చేయీ చేయీ పట్టుకుని చర్చిని కౌగిలించుకోవాలి, వలయం కలిస్తేనే పాట ఎత్తుకోవాలి. జనం చాలక రెండేళ్లుగా కలవడం లేదు. ఈసారీ కలవకపోతే ఆ వేడుకే మానేద్దామని పాదిరిగారు సభలో అనేశారు. "సరిపోతాం. నేను కొలిచాను," అని లేచి చెప్పాను.

మొన్న పేతురు పండుగనాడు వరుస కట్టాం. ఉత్తరం వైపు పెద్ద ఖాళీ మిగిలింది. గంటలు కొట్టే సైలస్ నవ్వాడు.

"ఏం పెద్దమ్మా, గోపురం మూలల్లో పొడుచుకొచ్చిన ఊతగోడలు కొలిచారా?"

కొలవలేదు. వాటి చుట్టూ కూడా మనుషులు నిలబడాలన్నది నాకు తట్టలేదు. పాదిరిగారు గడియారం చూసుకున్నారు. పిల్లలు చేతులు వదిలేస్తున్నారు.

తలెత్తి, పడమటి కొసన రెండు తలుపులకూ అవతల ఉన్న గోపురాన్ని చూశాను. చర్చి గోడకూ దానికీ మధ్య నిలువునా అతుకు కనిపిస్తుంది. గుండ్రని కమానుల చర్చి కట్టిన మూడు వందల ఏళ్లకు, ఊళ్లో ఉన్ని బేరం బాగా సాగాక, ఆ గోపురాన్ని తెచ్చి ఆనించారు.

"గోపురం తర్వాత వచ్చింది, దాన్ని వదిలేయండి," అన్నాను. "దక్షిణ తలుపులో దూరి, లోపల అడ్డంగా దాటి, ఉత్తర తలుపులో బయటికి రండి. దారి తగ్గుతుంది."

"తర్వాత వచ్చినవాళ్లను వదిలేయడం మా అత్తగారికి అలవాటే," అంది మీ అమ్మ.

ఊరంతా నవ్వింది. నేనూ నవ్వాను.

ఇక్కడే నీ దగ్గర ఒప్పుకోవలసిన మాట ఉంది. ఏళ్లుగా గడియ వేసి ఉన్న ఆ ఉత్తర తలుపు బాప్తిస్మం వేళ దయ్యం పారిపోయే తలుపని, నిన్ను చిన్నప్పుడు దాని దగ్గరికి పోనిచ్చేదాన్ని కాదు. బిషప్‌గారి అనుమతి లేకుండా చర్చి గోడకు ఒక్క మేకు కూడా కొట్టకూడదని అందరినీ అదిలించేదీ నేనే. ఆ నేనే, పాదిరిగారు "అనుమతి..." అనేలోగా, "సైలస్, గడియ విరగ్గొట్టు," అన్నాను. తుప్పు రాలి తలుపు తెరుచుకుంది.

చేతులు కలిశాయి. చర్చి నడిమధ్యన నేను. ఇటు మీ అమ్మ, అటు పాదిరిగారు. బయట ఎత్తుకున్న పాట దక్షిణ తలుపులోంచి కాస్త ఆలస్యంగా మాదాకా వచ్చి, మా గొంతులు కలుపుకుని ఉత్తర తలుపులోంచి వెళ్లింది. పాదిరిగారు శ్రుతి తప్పారు, ఎవరూ పట్టించుకోలేదు. పాట అయిపోయినా మీ అమ్మ నా చేయి వదల్లేదు.

"వచ్చే ఏడు గోపురాన్నీ కలుపుకుందాం అత్తయ్యా. మా పుట్టింటి ఊరినంతా తోలుకొస్తా."

"తోలుకురా. ఈసారి ఊతగోడలతో సహా కొలుస్తాను," అన్నాను.

ఉత్తర తలుపు తెరిచేందుకు అనుమతి కోరుతూ బిషప్‌గారికి నిన్న దరఖాస్తు పంపాను. అది ఇప్పటికే తెరిచి ఉందని మాత్రం రాయలేదు. చర్చిలో గాలి బాగా ఆడుతోంది.

ఇట్లు,
నిన్ను తలుచుకునే నాయనమ్మ,
హెప్జిబా