రెండు పేర్లు, రెండు కుర్చీలు

సుశీలక్కా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. నీ రొయ్యల పచ్చళ్ల పేజీని ఇప్పుడు నేనే చూస్తున్నాను. పేరు మార్చలేదు, "సుశీలక్క పచ్చళ్లు" అనే ఉంది. తుని నుంచి కూడా ఆర్డర్లు వస్తున్నాయి. కాకపోతే నా ఫోన్లో నా అకౌంటూ నీ పేజీ రెండూ ఉన్నాయి కదా, ఏ పేరుతో మాట్లాడుతున్నానో చూసుకోకుండా రాసేస్తుంటాను. నువ్వుంటే "కళ్లజోడు పెట్టుకుని ఏడవవే" అనేదానివి.

మొన్న మన చర్చి పేజీలో, శుక్రవారం స్త్రీల కూటానికి ఎవరెవరు వస్తున్నారని అడిగారు. "నేనొస్తున్నానండి. మోకాళ్ల నొప్పి, చాప మీద కూర్చోలేను. ఓ కుర్చీ వేయించండి" అని రాశాను. అది కాస్తా నీ పేరుతో వెళ్లింది.

అరగంటలో పాస్టరమ్మగారు ఫోన్ చేశారు. "ఏమ్మా రూతూ, మీ అక్క కూటానికి వస్తానంటోంది. పరలోకంలో కూడా మోకాళ్ల నొప్పి తగ్గలేదా?" అన్నారు. ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం. అది తీసేసి, నా పేరుతో మళ్లీ రాశాను.

శుక్రవారం వెళ్లేసరికి గోడ పక్కన రెండు కుర్చీలు వేసి ఉన్నాయి. "రెండెందుకండీ?" అని పాస్టరమ్మగారిని అడిగాను.

"రెండు పేర్లతో అడిగారు కదమ్మా" అన్నారావిడ.

ఒకదాంట్లో కూర్చున్నాను. రెండోదాని మీద బ్యాగు పెట్టబోయి, కూటం అయ్యేదాకా ఒళ్లోనే పెట్టుకున్నాను.

నీ చెల్లి
రూతు