లచ్చక్క నవ్విన ఫోటో

ఏప్రిల్ 10, శుక్రవారం

గెలిచినం! ప్రభన్న జెడ్పీటీసీ! పొద్దుగాల నుంచి ఫోన్ చెయ్యి ఇడువలే.

ఇయ్యాల సెలవు — పేరుకే. రేపటి ఊరేగింపుకు ఫ్లెక్సీ చేసి పంపాలె. రోజూ ఈడ ఒమాన్‌ల, సువైక్ ఊరి దుకాణాల బోర్డులు చేసే లాప్‌టాప్ మీదనే మా ఊరి ఫ్లెక్సీలు గూడ చేస్త. ప్రభన్న నడుమ. కుడిదిక్కు ఆయన తమ్ముడు విక్కన్న, నడుముకు తుపాకి కనవడేటట్టు నిలవడ్డ ఫోటో. శీనన్నకు పంపిన. మా పార్టీ గల్ఫ్ ఇన్‌ఛార్జి ఆయన, మస్కట్‌ల ఉంటడు, ఆయన సరే అంటేనే ఏదైనా. "గా తుపాకి జర పెద్దగ కొట్టు సంతూ, దుష్మన్లు జూడాలె." కొట్టిన. తుపాకితోని విక్కన్న చెయ్యి గూడ పెద్దగైంది. ఎవ్వలు చూస్తరు.

రాజన్న వెనుక నిలవడి చూసిండు. "గెలిచినోని ఫ్లెక్సీనా, దొంగల సినిమానా?" అన్నడు. ఒకటే మండలం మాది, ఒకటే రూమ్, ఒకటే దుకాణం. నేను బోర్డు డిజైన్ చేస్త, ఆయన నిచ్చెనెక్కి బిగించి కరెంటు కలుపుతడు. పార్టీ మాత్రం ఆయనకు లేదు. "ఎవడు గెల్చినా నిచ్చెన నేనే ఎక్కాలె" అంటడు. ముసలి మాటలు. నాకంటే ఎనిమిదేండ్లే పెద్ద.

ఫ్లెక్సీకి లైకులు మస్తు పడ్డయి.

ఏప్రిల్ 11, శనివారం

రాయబుద్ధి అయితలేదు. అయినా రాయాలె.

మూడింటికి. మార్కెట్ రోడ్డుల చాపల దుకాణం బోర్డు. రాజన్న నిచ్చెన మీద, నేను కింద పట్టుకున్న. ఆయన ఫోన్ మోగింది. "ఆఁ బావా... ఆఁ... ఎవ్వలకు?" పానా జారి నా కాలి పక్కకే పడ్డది. దిగు అన్నా అంటే దిగలే. నిచ్చెనకు తల ఆనిచ్చి అట్లనే నిలవడ్డడు.

లచ్చక్క పోయింది. రాజన్న తోడవుట్టిన అక్క. బస్టాండు కాడ ఊరేగింపు, డీజే, పటాకులు... అండ్ల విక్కన్న తుపాకి తీసి గాలిలకు కాల్చిండట. లచ్చక్క మిద్దె మీద నిలవడి చూస్తుంది. బీడీల చాట చేతులనే ఉందట.

గాలిలకు అంటరు. గాలిల మిద్దెలు లేవా? మనుషులు లేరా?

ఏప్రిల్ 12, ఆదివారం

దహనం వీడియో కాల్‌ల చూసిండు రాజన్న. దుకాణం వెనుక, పాత బోర్డుల అక్షరాలు కుప్పేసే కాడ కూసోని. ఆయన వీసా కాగితాలు రెన్యువల్‌కు ఇచ్చి ఉన్నయి, పోరాదు. మా అర్బాబ్, గదే ఈ దుకాణం ఒమానీ సేటు, సొంతంగ ఆఫీసుకు తిరిగిండు పాపం — వారం దాటుతదన్నరట. సిగ్నల్ రెండుసార్లు కట్టైంది. రెండోసారి కలిసేసరికి మంట అంటుకుంది.

మా పార్టీ ఆఫీసు మాట: గుంపుల బయటోడెవడో కాల్చిండు. విక్కన్న చేతుల ఉన్నది జెండా.

విన్న.

ఏప్రిల్ 13, సోమవారం

గ్రూపుల లొల్లి. మా మండలపోళ్లు గల్ఫ్‌ల ఉన్నోళ్లందరం ఉన్న గ్రూపు, అడ్మిన్ను నేనే. పొద్దున లేచి చూస్తె మున్నూరు మెసేజీలు.

— ఎలక్షన్ల లైసెన్సు తుపాకులు స్టేషన్‌ల అప్పజెప్పాలె గదా, గిది బయట ఎట్లుంది?
— రిజల్టు వచ్చినంక ఇడిపించుకున్నడు, తప్పేంది? ప్రభన్నకు ప్రాణభయం ఉంది, లైసెన్సు ఆయన హక్కు.
— హక్కు ప్రభన్నది అయితే తుపాకి విక్కన్న చేతుల ఏం చేస్తుంది?
— నువ్వు చూసినవా విక్కన్న చేతుల?
— గెలిచిన రోజు ప్రాణభయమేందిరా, ఓడినోనికి ఉండాలె గని!

చచ్చిన మనిషి పేరు ఎవ్వడూ రాయలే. రెండు పార్టీలోళ్లూ.

పదింటికి రాజన్న ఒక్క లైను పెట్టిండు. ఆ గ్రూపుల ఆయన ఇన్నేండ్లల్ల గుడ్‌మార్నింగ్ గూడ పెట్టలే. "మా అక్క మీద పేలినప్పుడు తుపాకి ఎవ్వరి చేతుల ఉండె? చూసినోళ్లు చెప్పుండ్రి."

అంతే. గ్రూపు సప్పుడు బంద్.

రెండు నిమిషాలల్ల శీనన్న ఫోన్. "గ్రూపు లాక్ చెయ్యి." రాజన్న మా రూమేనన్నా, పోయింది ఆయన సొంత అక్క — అంటున్న. "పరదేశంల ఉన్నవ్. ఫోన్ల రాజకీయం పెడ్తె, ఒక్కడు కంప్లైంట్ ఇస్తె నీ వీసా, ఆయన వీసా ఏమైతయో ఎర్కేనా? ఆయన మంచికే చెప్తున్న."

ఆయన మంచికే. లాక్ చేసిన. ఇగ అడ్మిన్లే రాయాలె, మిగిలినోళ్లు చదవాలె. అడ్మిన్ను నేనొక్కణ్నే.

సాయంత్రం రాజన్న ఫోన్ నా చేతికిచ్చిండు. "తమ్మీ, మెసేజ్ పోతలేదు, ఏమైందో చూడరాదు." సర్వర్ ఖరాబైందేమో అన్న. థూ... ఎంత సులువుగ వచ్చింది ఆ మాట నోట్ల నుంచి.

ఏప్రిల్ 14, మంగళవారం

ఊళ్లె ఫోటోగ్రాఫర్ సదానందం ఊరేగింపు ఫోటోలన్నీ ఆ రోజే నాకు పంపిండు, పోస్టర్లు చేస్తనని. నేను తెరువనే లేదు. ఇయ్యాల శీనన్న చెప్తె తెరిచిన. సదానందం కాడ ఇగ ఏం లేవట, కార్డు చెరిపించిండ్రట. జనం ఫోన్లల్ల వీడియోలు మస్తు — అన్నిట్ల చప్పుడుంది, చెయ్యి లేదు.

చెయ్యి నా కాడుంది. ఒక్కటే ఫోటో. విక్కన్న జీపు మీద, చెయ్యి లేపి, చేతుల తుపాకి. నిలువుగ లేదు, పక్కకు వాలి ఉంది. తాగినోని చెయ్యి ఉన్నట్టు.

"తుపాకి తీసి జెండా పెట్టు. అర్ధగంట పని నీకు."

పెండ్లి ఫోటోలల్ల లేని మామలను పెట్టిన. దుకాణం బోర్డు మీద కరెంటు వైర్లు తీసేసిన. ఎన్నిసార్లు చెయ్యలే? ఫోటోషాప్‌ల తుపాకి మీదికి జూమ్ చేసిన. ఇంకా పెద్దగ చేసిన. చుట్టుపక్కల గోడ రంగు తీసుకొని తుపాకి మీద అద్దాలె గదా — గోడ కోసం పక్కకు జరిపిన.

మిద్దె మీద లచ్చక్క.

ఎర్ర అంచు చీర, చాట నడుముకు పెట్టుకొని, నవ్వుతుంది. ముందు పన్ను సగం ఇరిగింది కనవడ్తుంది. నేను ఇంటికి పోయినప్పుడల్లా "మా రాజిగాడు సన్నగైండా? నువ్వు సరిగ తినిపిస్తలేవు" అని నన్ను తిట్టేది. అదే నవ్వు.

లాప్‌టాప్ మూసిన. బయటికి పోయి బిల్డింగు చుట్టూ రెండుసార్లు తిరిగిన. మళ్ల వచ్చి తెరిచిన.

ఏప్రిల్ 15, బుధవారం

చేసిన. లచ్చక్క ఉన్న మిద్దె రాకుండ ఫోటో కత్తిరించి, తుపాకి తీసి, జెండా పెట్టి పంపిన. ఊరి నుంచి వచ్చిందని రాసి గ్రూపుల నా చేతులతోనే ఎక్కించిన. ఊళ్లె అందరి ఫోన్లల్ల అదే ఇప్పుడు. "విక్కన్న చేతుల జెండా — ఇదీ సాక్ష్యం."

అసలుది చెరిపెయ్యమన్నడు శీనన్న. చెరిపిన అన్న. చెరపలే. ఎందుకో తెల్వది.

ఏప్రిల్ 16, గురువారం

ఇప్పుడు ఓడిన పార్టీ వంతు. ఎవడో లీడరు రాజన్నకు ఫోన్. "నువ్వు వీడియో మాట్లాడు అన్నా, ఏం మాట్లాడాలెనో మేం రాసి పంపుతం. అక్కకు న్యాయం జరుగాలె." వాళ్ల సంతాపం ఫ్లెక్సీ గూడ పంపిండు. పైన ఆరుగురు లీడర్లు, కోటు గుండీలు గూడ కనవడేంత పెద్దగ. కింద మూలకు లచ్చక్క, ఆధార్ కార్డుల ఫోటో, గోలీ అంత.

రాజన్న ఫోన్ పెట్టేసి నవ్విండు. మంచి నవ్వు కాదు. "ఒకడు నోరు మూసిండు. ఒకడు నోరు కిరాయికి అడుగుతుండు. నేను అడిగిన దానికి మాత్రం ఎవ్వడూ చెప్తలేడు."

నోరు మూసినోడు పక్కనే కూసోని అన్నం తింటుండు.

ఏప్రిల్ 17, శుక్రవారం

అర్బాబ్ చిన్నాయన కొడుకు పెండ్లి. ఇంటికి లైట్లు కట్టనీకె పోయినం. ఇంటి ముంగట మగోళ్లు రెండు వరుసల నిలవడి పాట నేర్చుకుంటుండ్రు, ఢోలు కొడుతుండ్రు. అండ్ల ఒక ముసలాయన భుజాన పాత తుపాకి, పెద్దల నాటిది, కట్టెకు వెండి పట్టీలు. ఆటల పట్టుకుంటరు, అంతే.

రాజన్న నిచ్చెన మీద నుంచి చూసిండు. దిగిండు. వైరు కింద పెట్టి గోడ దిక్కు తిరిగి కూసున్నడు. నేను అర్బాబ్‌కు చెప్పిన... అర్బాబ్ పోయి ముసలాయన చెవుల చెప్పిండు.

పాట ఆగింది. ముసలాయన మెల్లగ వచ్చి, తుపాకి విప్పి రాజన్నకు లోపల చూపిచ్చిండు. "ఖాలీ... ఖాలీ." రాజన్న భుజం మీద చెయ్యేసి ఏమో దువా చదివిండు. ఇంట్లకు పోయి తుపాకి లోపల పెట్టొచ్చిండు. మేం లైట్లు కట్టేదాంక మళ్ల తియ్యలే. వాళ్ల ఇంటి పెండ్లి, వాళ్ల తుపాకి, వాళ్ల ఇష్టం — ఎవ్వలడిగిండ్రు ఆయనను?

మా ప్రభన్న ఇంకా లచ్చక్క ఇంటికి పోలే. వారమాయె.

ఏప్రిల్ 18, శనివారం

మస్తాన్ భాయ్‌కి చెప్పేసిన. మా దుకాణంల అక్షరాలు కోసే మిషన్ ఆయనది, కడపాయన. కడుపుల పెట్టుకొని ఉండరాలే. మిషన్ ఆపి అంతా విన్నడు.

"తప్పు చేసినావ్ సంతూ. పెద్ద తప్పు."

తెలుసు భాయ్.

"తెలిసి ఏం లాభం బ్బా? ఆ మనిషి నీకు పొద్దున్నే చాయ్ పెడ్తాండాడు. ఆ చాయ్ ఎట్ల తాగుతాండావ్ నువ్వు?"

చెప్తె నా వీసా, ఊళ్లె మా నాయన దుకాణం... వాళ్లు ఊకుంటరా, భాయ్?

ఆయన కోసిన అక్షరం మీది దుమ్ము ఊదిండు. "ఊకోరు" అన్నడు. "అది గూడ నిజమే." మళ్ల మిషన్ ఆన్ చేసిండు.

ఏప్రిల్ 19, ఆదివారం

ఎల్లుండి పెద్దకర్మ. రాజన్న నా మంచం మీద కూసున్నడు. "తమ్మీ, అక్కకు ఒక ఫ్లెక్సీ చెయ్యాలె. ఒక్క లీడరు ఫోటో ఉండొద్దు. అక్కదొక్కటే. పెద్దగ."

చేస్త అన్నా.

"ఫోటోనే లేదురా. ఆధార్ కార్డుది ఒక్కటుంది, అండ్ల ఆమె ఎవ్వలో అన్నట్టుంది. పెండ్లప్పటిది చెదలు తిన్నది. బావను అడిగిన, పక్కింటోళ్లను అడిగిన... యాభై ఏండ్లు బతికి ఒక్క మంచి ఫోటో లేకపాయె. ఎప్పుడూ నవ్వేది, గట్ల ఒక్కటి లేకపాయె."

ఆధార్‌దే సాఫు చేస్త తియ్యన్నా — అని నా నోరే అన్నది. తల ఊపి లేచిపోయిండు.

ఏప్రిల్ 20, సోమవారం

ఆధార్ ఫోటో మీద రెండు గంటలు పని చేసిన. ఎంత సాఫు చేసినా లచ్చక్క రాలే. మెరిసే ముఖం ఒకటి వచ్చింది, ఎవ్వలదో.

ఇగ నాతోని కాలే. అసలు ఫోటో తెరిచిన. మిద్దె కాడికి కత్తిరించి లచ్చక్కను మాత్రం తీసిన, పెద్దగ చేసిన. కొద్దిగ మసక. పన్ను మంచిగ కనవడ్తుంది. చాట తియ్యలే, అది ఉంటేనే లచ్చక్క. కింద పేరు ఒక్కటే రాసిన.

దుకాణం మూసి రూమ్‌కు వచ్చినంక రాజన్నకు చూపిచ్చిన. లాప్‌టాప్ ఒళ్లె పెట్టుకున్నడు. "నవ్వుతుంది గదరా... పన్ను సూడు, పన్ను! చిన్నప్పుడు బాయి కాడ నేనే తోసిన, అప్పుడు ఇరిగింది. జిందగీ అంతా మా అమ్మకు చెప్పలే." ఏడ్సిండు. పది రోజులల్ల మొదటిసారి నిండ ఏడ్సిండు. నేను గూడ.

ముఖం తుడుసుకున్నడు. "ఏడ దొరికిందిరా?"

ఊరేగింపు ఫోటోలల్లది.

"ఊరేగింపుదా? ఆ రోజుదేనా?" చీర అంచు మీద వేలు పెట్టి చూసిండు. "మొత్తం చూపియ్యి."

వద్దన్నా, అందామనుకున్న. అనలే. మొత్తం ఫోటో తెరిచి ఆయన దిక్కు తిప్పిన.

చూసిండు. మిద్దె మీది నుంచి మెల్లగ కిందికి వచ్చిండు. జీపు. విక్కన్న. చెయ్యి. ఆ చెయ్యి కాడ ఆగిండు.

"గ్రూపుల వచ్చిన ఫోటోల గీడ జెండా ఉండె గదా, తమ్మీ."

అరవలే. తిట్టలే. జెండా ఎవ్వలు పెట్టిండ్రని గూడ అడుగలే. మా రూమ్‌ల ఆ పని వచ్చినోడు ఒక్కడే. లాప్‌టాప్ మంచం మీద పెట్టి, లేచి, బాత్రూంలకు పోయి తలుపు వేసుకున్నడు. నల్లా ఇడిచిన చప్పుడు.

గ్రూపు లాక్ తీసిన. ఎవ్వలూ ఇంకా చూడలే. ఆయన లైను పైన ఉంది — తుపాకి ఎవ్వరి చేతుల ఉండె, చూసినోళ్లు చెప్పుండ్రి. దానికి జవాబుగ ఎక్కించనీకె అసలు ఫోటో తీసి పెట్టుకున్న. నొక్కలే. ఊళ్లె రెండు పార్టీలూ లచ్చక్కను ఎవ్వలనూ అడుగకుండ వాడుకున్నయి, నేను గూడ అడుగకుండనే కత్తిరించిన. ఈ ఒక్కటన్న ఆయనను అడిగి చెయ్యాలె. బయటికి రానీ.

నల్లా ఇంకా నడుస్తనే ఉంది.