ఇరవై కళ్ళు

బావా,

అరుగు మీద ఆరుతున్న బొమ్మల్ని ఎండలో పెట్టకు, సుద్ద బీటలిస్తుంది. అవి మన దశావతారాలే. నువ్వు సంతకు వెళ్ళగానే బూడిద నీళ్ళతో రంగంతా గీకేసి, చింతగింజల జిగురు కలిపిన సుద్ద పూశాను.

నిన్న శృంగవరపుకోట షావుకారు ఈ బొమ్మలకి కళ్ళెవరు దిద్దారని అడిగితే, "నానే బాబూ. మా ఆడది సుద్ద పూస్తాది, అంతే" అన్నావు. తలుపు చాటున విన్నాను. ఆ ఇరవై కళ్ళూ దిద్దింది నేను. అందుకే నా వంతు సుద్ద పూసి, నీ వంతు నీకు వదిలాను. రంగులు నూరి చిప్పల్లో ఉంచాను. బొమ్మల కొలువుకి వీటిని తీసుకెళ్ళడానికి ఆయన రేపు పొద్దున్నే వస్తాడు. నేను శ్రీముఖలింగం, మా అమ్మ దగ్గరికి పోతున్నాను.

చిన్నతల్లి

అంబలి ఉట్టి మీద ఉంది. షావుకారుకి కబురు కూడా పెట్టాను, కళ్ళు ఇంకా దిద్దలేదు, పెందలాడే వస్తే నీ చేతిపని దగ్గర కూర్చుని చూడొచ్చని.