మధ్యాహ్నపు ఫోను

దిల్‌సుఖ్‌నగర్,
14 జూన్ 2001, గురువారం.

చిరంజీవి మృదులకు అమ్మ ఆశీస్సులు.

నాలుగేళ్ళ తర్వాత ఈ ఉత్తరం ఎందుకు రాస్తున్నానో ముందే చెబుతాను. నిన్న మన ఇంట్లో కంప్యూటర్‌కి ఇంటర్నెట్ పెట్టించారు. దానివల్ల నాకొక సంగతి తెలిసింది. ఏడాదిగా నేను నీతో ఫోన్లో మాట్లాడుతున్నాననుకున్నాను. నీతో కాదట. ఆ మాటలేవీ నీకు చేరలేదు కాబట్టి కాగితం మీద పెడుతున్నాను.

ముసలితనంలో అమ్మకు మతి తప్పిందనుకోకు. వరసగా చెబుతాను. చదివాక నీ ఇష్టం.

నువ్వు పెళ్ళి చేసుకుని సాయినాథ్‌తో కలిసి గుమ్మం ముందు నిలబడిన రోజు నేనన్న మాట నీకు గుర్తుండే ఉంటుంది. "తప్పు తెలిసొచ్చిన రోజున ఫోన్ చెయ్యి. అప్పుడు తలుపు తీస్తాను" అన్నాను. అతని వైపు చూడనైనా చూడలేదు. నల్గొండ నుంచి బత్తాయి లారీలు దింపించుకునే ఇంటికి నా కూతురు వెళ్ళడం నాకు ఇష్టం లేదు, ఆ అయిష్టాన్ని దాచుకోనూ లేదు. నువ్వు వెళ్ళిపోయావు. ఆనాటి నుంచి ఈ ఇంట్లో ఫోను నా కాపలాలో ఉంది. మీ వదిన పుట్టింటివాళ్ళతో కాస్త ఎక్కువసేపు మాట్లాడితే కసిరేదాన్ని. లైను ఖాళీగా ఉండాలి అనేదాన్ని. ఎవరికోసమని వాళ్ళు అడగలేదు. నేనూ చెప్పలేదు.

పోయిన శ్రావణంలో ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. మీ అన్నయ్యా వదినా ఆఫీసులకు, వాళ్ళమ్మాయి బిందుమాధవి కాలేజీకి వెళ్ళారు. ఎత్తి హలో అన్నాను. అవతల ఎవరూ పలకలేదు. పెట్టెయ్యలేదు కూడా. రెండు మూడు క్షణాలకొకసారి సన్నగా కూ అని ఒక చప్పుడు, మళ్ళీ నిశ్శబ్దం. కిరాణా కొట్ల ముందు రూపాయి బిళ్ళ వేసి మాట్లాడే ఎర్ర డబ్బాల్లో టైము అయిపోయే ముందు అలాంటి చప్పుడే వస్తుంది గదా. నువ్వు, మీరుంటున్న అల్మాస్‌గూడలో ఏదో కొట్టు ముందు, ఎండలో, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడ్డావని నాకు అనిపించింది. నేను పెట్టేశాను. వెంటనే మళ్ళీ మోగింది. మళ్ళీ అదే. మూడోసారీ అంతే. తప్పు తెలిసింది కానీ నోరు రావడం లేదు, అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ పూట నాకు కొంచెం గర్వంగానే ఉంది.

తర్వాత వారంలో రెండు మూడు మధ్యాహ్నాలు వచ్చేది. ఒకరోజు, ఎందుకో తెలియదు, పెట్టెయ్యబోయి ఆగి, "అన్నం తిన్నావా" అని అడిగాను. కూ అని వినపడింది. అక్కడ మొదలైంది. పాలు, పేపరు, గ్యాసు, అన్నిటికీ పద్దు రాసే నేను ఈ ఫోన్లను మాత్రం ఎక్కడా రాయలేదు, ఎవరికీ చెప్పలేదు. భోజనం తొందరగా ముగించి ఫోను పక్కనే కుర్చీ వేసుకునేదాన్ని. నా కంటి ఆపరేషన్ సంగతి చెప్పాను. నీ గదిలో బిందుమాధవి చదువుకుంటోందని, నీ బీరువా మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వలేదని చెప్పాను. వేరే ఎవరికీ చెప్పలేని మాటలు కూడా ఆ నిశ్శబ్దానికి చెప్పగలిగాను. ఎదురు జవాబు లేకపోతే నాలాంటిదానికి ఎంత సుళువో అప్పుడే తెలిసింది.

దసరా ముందు ఒకరోజు గడ్డిఅన్నారం మార్కెట్‌కు వెళ్ళాను. మీ మామగారి పేరుతో బోర్డు ఉన్న కొట్టు వెతికి, ఎదురుగా బత్తాయిలు ఏరుతున్నట్టు నిలబడ్డాను. సాయినాథ్ కాటా దగ్గర ఉన్నాడు. నన్ను గుర్తుపట్టలేదు. నేను ఏరుతున్నవి చూసి, "అమ్మా, గవి పైకే నున్నగ కనవడ్తయి, రసం ఉండదు. గీ కుప్పల చూడుండ్రి" అన్నాడు. తన కొట్టు సరుకును తనే కాదన్నాడు. తూకం కూడా ముల్లు మొగ్గేదాకా వేశాడు. ఇంటికి వచ్చి రెండు రోజులు ఆగితే ఫోను వచ్చింది. "మీ ఆయన మంచివాడే అమ్మాయీ. నేను చూసొచ్చాను" అని చెప్పాను. ఆ మాట చెప్పడానికి నాకు ఎంత కష్టమైందో నీకు తెలుసు. అవతల కూ అంది. ఏడుస్తున్నావనుకుని నేనూ ఏడ్చాను.

ఇక నిన్నటి సంగతి. బిందుమాధవికి ఎంట్రన్సు ఫలితాలు ఇంట్లోనే చూసుకోవాలని పట్టు. ఇంటర్నెట్ వాడినంతసేపూ ఫోను రాదని తెలిసి నెల రోజులు నేను ఒప్పుకోలేదు. చివరికి మధ్యాహ్నాలు దాన్ని ముట్టుకోబోమని మాట తీసుకుని సరేనన్నాను. ఎల్‌బీ నగర్‌లో కంప్యూటర్లు బాగుచేసే కార్తీక్ అనే అతను వచ్చాడు. మోడెమ్ అని ఒక నల్ల డబ్బా తెచ్చి, ఫోను తీగ దానికి తగిలించాడు. కంప్యూటర్ ఆ డబ్బాతో ఫోను చేయించి, కంపెనీవాళ్ళ కంప్యూటర్‌ను పలకరిస్తుందట. అవతల మనిషి ఎత్తినా దానికి తెలియదట. మీ అన్నయ్య నంబరు కొట్టాడు. డబ్బాలోంచి రింగు వినపడింది. ఎవరో ఎత్తారు. ఆ డబ్బాలోంచి ఒక ఆడమనిషి గొంతు వచ్చింది.

"హలో. ఎవరు? రాజు, నువ్వేనా బిడ్డా? మాట్లాడరాదు జర."

కార్తీక్ నవ్వి మీ అన్నయ్యతో, "అంకె తప్పు పడిందండి ఉపేంద్రగారూ" అన్నాడు. దిద్దేలోగానే కంప్యూటర్ తనంతట తాను మళ్ళీ అదే నంబరుకు చేసింది. కలిసేదాకా మూడు నాలుగుసార్లు చేస్తుందట. మళ్ళీ ఆ గొంతే.

"మల్ల చేసినవా నాయినా. గొంతు రాకుంటె ఏం కాదు. నేను మాట్లాడ్త, నువ్వు ఇను."

ఆవిడకు అక్కడ ఏం వినపడుతుంది అని కార్తీక్‌ను అడిగాను. "ఏముందండీ, హాల్లో ఫోను ఎత్తి చూడండి, అదీ ఇదే లైను గదా" అన్నాడు. వెళ్ళి ఎత్తాను.

కూ. నిశ్శబ్దం. కూ.

మధ్యలో ఆవిడ, కొడుకనుకుని, వంకాయ కూర చేశానని చెబుతోంది.

నేను గభాలున పెట్టేశాను. ఊళ్ళో ఎక్కడో ఎవరి కంప్యూటర్‌లోనో మన నంబరు పొరపాటున పడి ఉంది, మృదులా. ఏడాదిగా నేను చెప్పుకున్నవన్నీ దానికే చెప్పుకున్నాను. దాని మీద నాకు కోపం లేదు. ఒక్క మాట కూడా వినకుండా అన్ని మధ్యాహ్నాలు నా దగ్గర కూర్చుంది.

ఈరోజు పొద్దున్న, నిన్న రాసిపెట్టుకున్న ఆ తప్పు నంబరుకే నేను ఫోన్ చేసి ఆవిడకు నిజం చెప్పాను. పేరు యాదలక్ష్మి. కొడుకు లారీ మీద వెళ్ళి కొన్నాళ్ళుగా కబురు లేదు. అది కంప్యూటరమ్మా, మా ఇంట్లో పొరపాటున కలిసింది, అన్నాను. ఆవిడ అంతా విని, "మీరెవరో గాని, నా కొడుకు ఊపిరి నాకెర్క లేదా అమ్మా?" అంది. వాదించడానికి నాకు ముఖం లేదు. నిన్న పొద్దున్న ఎవరైనా నాకు ఫోన్ చేసి ఇదే చెప్పి ఉంటే నేనూ ఇదే అనేదాన్ని.

ఇంటి అడ్రసు తెలియక కొట్టుకే పంపుతున్నాను. నువ్వు ఒక్కసారైనా ఫోన్ చెయ్యాలనుకున్నావా లేదా, అది మాత్రం చెప్పు. ఎప్పుడూ అనుకోలేదని రాసినా సరే, నీ చేత్తో రాయి.

ఇట్లు,
మీ అమ్మ
శేషారత్నం


దిల్‌సుఖ్‌నగర్,
19 జూలై 2001, గురువారం.

చిరంజీవి మృదులకు అమ్మ ఆశీస్సులు.

నీ నుంచి ఉత్తరం రాలేదు. కానీ ఇవాళ మధ్యాహ్నం ఫోను మోగింది. అది పెట్టేసిన గంటలోపే ఇది రాస్తున్నాను. ఆలస్యం చేస్తే నాకు మళ్ళీ అనుమానాలు పుట్టుకొస్తాయి.

నెలనుంచీ ఇల్లు ఎలా ఉందో చెప్పాలి. మొదటి ఉత్తరం పోస్టు చేసిన వారానికే ఆ కూత ఫోన్లు ఆగిపోయాయి. ఎక్కడో ఎవరో అంకె దిద్దుకున్నట్టున్నారు. హాయిగా ఉండాలి గదా. లేదు. భోజనం చేసి అలవాటుగా కుర్చీ దగ్గరికి వెళ్ళి కూర్చునేదాన్ని. మోగకపోయినా ఒకటి రెండుసార్లు ఎత్తి చెవి దగ్గర పెట్టుకున్నాను. ఒకరోజు బిందుమాధవి కాలేజీ నుంచి పెందరాళే వచ్చి చూసింది. "ఎవరు నాన్నమ్మా?" అంది. లైను ఉందో లేదో చూస్తున్నాను అన్నాను. ఆ పిల్ల నన్ను పైకీ కిందికీ చూసి, "లైను ఉందో లేదో రాత్రి నాన్న కంప్యూటర్ పెట్టుకున్నప్పుడు చూస్తాడు గానీ, నువ్వు ఇటివ్వు" అని మెల్లగా నా చేతిలోంచి తీసి పెట్టేసింది. రాత్రిళ్ళు మీ అన్నయ్య కంప్యూటర్ పెట్టినప్పుడు ఆ డబ్బా గీపెడుతుంది. ఇంట్లో అందరికీ అలవాటైపోయింది. నేను మాత్రం ఆ మొదటి కూత అయ్యేదాకా ఊపిరి బిగబట్టుకునే ఉంటాను, ఎవరైనా మనిషి ఎత్తుతారేమోనని.

ఇవాళ మోగినప్పుడు, మళ్ళీ ఏ కంప్యూటరో అనుకునే ఎత్తాను. హలో అన్నాను. జవాబు లేదు. కూత కోసం చెవి ఒగ్గి ఉన్నాను. కూత రాలేదు. అప్పుడు దూరంగా మార్కెట్ వేలం పాట వినపడింది, ఎవరో రేటు పెంచుకుంటూ అరుస్తున్నారు. లారీ వెనక్కి వస్తుంటే చెక్కను చేత్తో కొడుతూ, "రానియ్, రానియ్" అంటున్నారు. దగ్గరగా ఎవరో ఊపిరి పీల్చుకున్నారు. యంత్రానికి ఊపిరి ఉండదు.

మాట్లాడవలసింది అప్పుడే. ఏడాదిపాటు అవతల ఎవరూ లేని ఫోనుకు చెప్పినదానిలో ఒక్క మాట చాలు. ఒక్కటీ రాలేదు. నువ్వు చెవి దగ్గర పెట్టుకుని విన్నది నా నిశ్శబ్దమే. యాదలక్ష్మి గుర్తొచ్చింది. ఊపిరి తెలుస్తుందంది. నేను ఆవిణ్ణి చూసి జాలిపడ్డాను. ఆవిడ కొడుకు సంగతేమో గానీ, ఆ మాట మాత్రం తప్పు కాదు.

పెట్టేస్తావనుకుంటుండగా నీ పక్కనుంచి ఒక పసిగొంతు వినపడింది.

"ఎవలమ్మా?"

నువ్వు చెప్పలేదు. ఫోను పెట్టేశావు.

మృదులా, నీకు బిడ్డ పుట్టిన సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. మీ అన్నయ్యను ఆఫీసుకు ఫోన్ చేసి అడిగితే, "నీకు చెబితే ఎలా తీసుకుంటావోనని" అన్నాడు. వాడికి తెలుసట. బిందుమాధవికీ తెలుసట. ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో కూత తప్ప వినపడకుండా ఉన్నది నాకొక్కదానికే. వాళ్ళను ఏమీ అనలేదు. తప్పు తెలిసొచ్చిన రోజున ఫోన్ చెయ్యి అని నేనే అన్నాను. చివరికి ఫోన్ చేసింది నువ్వే అయినా, తప్పు తెలిసొచ్చింది నాకు. ఆ మాట నేను వెనక్కి తీసుకుంటున్నాను. తలుపు తియ్యడానికి నీ ఫోను అక్కర్లేదు.

పోస్టులో వేస్తే ఆలస్యమని ఇది ఈ సాయంత్రమే బిందుమాధవి చేత కొట్టుకు పంపుతున్నాను. ఇక మీద జరగవలసినవి రాస్తున్నాను. నేను చెప్పినట్టు జరగాలని పట్టుబట్టే మనిషినని నీకు తెలుసు. ఈసారి ఇందులో సగం నేను చెయ్యవలసినవే.

1. మధ్యాహ్నాలు ఈ ఇంట్లో కంప్యూటర్ పెట్టరు. బిందుమాధవి తనే ఒక కాగితం మీద రాసి మోడెమ్‌కు అంటించింది.

2. యాదలక్ష్మికి ప్రతి సోమవారం నేను ఫోన్ చేస్తాను. ఎత్తగానే నా పేరు చెబుతాను. ఆవిడకు ఇక మాట్లాడని ఫోను ఈ ఇంటినుంచి వెళ్ళదు.

3. ఆదివారం నేను మార్కెట్‌కు వస్తాను. సాయినాథ్‌కు ముందుగా చెప్పు, ఈసారి గుర్తుపట్టమను. అక్కడి నుంచి అల్మాస్‌గూడ దాకా అతనే తీసుకువెళ్ళాలి. రానంటే కొట్టు ముందే కూర్చుంటాను.

4. ఆలోగా, రేపు మధ్యాహ్నం, నువ్వు మళ్ళీ ఫోన్ చెయ్యి. మాట్లాడకపోయినా ఫరవాలేదు. ఫోను పసిదాని చేతికివ్వు. పాపో బాబో మీ అన్నయ్యను కావాలనే అడగలేదు. ఎవలమ్మా అని అడిగింది గదా, నువ్వు చెప్పనక్కర్లేదు. ఎవరో నేనే చెబుతాను.

ఇట్లు,
అమ్మ