ఎముకల మాత్రలు

అన్నయ్యా,

ఆసుపత్రి నుంచి రాస్తున్నాను. ఎలా ఉన్నావని అడగను.

థైరాయిడ్ గ్రంథి తీసేశాక డాక్టరు రాసిన కాల్షియం మాత్రలు నువ్వే ఆపించావు. "కోసింది గొంతు, మాత్రలేమో ఎముకలకా? నీ ఎముకలకేమైందే?" అన్నావు. తోడుండటానికి వచ్చినవాడివి కదా అని నీ మాటే విన్నాను. మూతి తిమ్మిరెక్కి వేళ్ళు కొంకర్లు పోతుంటే, "ఈ నాటకాలు చిన్నప్పట్నుంచీ చూస్తున్నాలే" అంటూ వాటిని బలవంతంగా విప్పబోయావు. పక్కింటావిడ చూసి ఇక్కడికి తీసుకురాబట్టి బతికాను.

నర్సు బీపీ పట్టీ బిగించగానే నా చెయ్యి దానంతటదే ముడుచుకుపోయింది. డాక్టరు ఏం చెప్పిందో విను. థైరాయిడ్ తీసేటప్పుడు దాని వెనకుండే చిన్న గ్రంథులు దెబ్బతింటే రక్తంలో కాల్షియం పడిపోతుందట. నరాల పైపొరలో సన్నటి తలుపులుంటాయట. అవి ఊరికే తెరుచుకోకుండా ఆపేది రక్తంలోని కాల్షియమేనట. అది తగ్గితే నరాలు ఎవరూ చెప్పకుండానే కండరాలను బిగించేస్తాయట. గుండె కూడా లయ తప్పుతుందట. "ఇవి ఎముకలకేనని ఎవరు చెప్పారమ్మా?" అని ఆవిడ అడిగితే, మా అన్నయ్య అనడానికి సిగ్గేసింది.

సెలైన్‌లో కాల్షియం ఎక్కించాక పట్టీ మళ్ళీ బిగించి చూశారు. చెయ్యి ముడుచుకోలేదు. ఆ చేత్తోనే ఇది రాస్తున్నాను. నేను వచ్చేలోపు తాళంచెవి పక్కింటావిడకి ఇచ్చి వెళ్ళిపో.

రాస్తుంటే ఎడమచేతి పిడికిలి బిగుసుకుంది. రక్తంలో కాల్షియం సరిపడా ఉందని నర్సు ఇప్పుడే చెప్పి వెళ్ళింది; ఇది దానంతటదే బిగుసుకున్నది కాదు.

చెల్లెలు